ఈకల పరీక్ష

దసరా మరునాడు నెత్తురంటిన కారును పట్టుకోమంటే తిరుపతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వనపర్తిలో ఒక కార్ల షోరూం. దాని వెనక బండ్లు కడిగే షెడ్డుకు అతనే పెద్ద. ఆ చుట్టుపక్కల కారున్న ప్రతివాడూ పండగనాడు మైసమ్మ ముందు బండి నిలబెట్టి, యాటపోతునో కోడినో కోసి, చక్రాలకు నెత్తురు పూయాల్సిందే. తెల్లారి ఆ బండ్లన్నీ తిరుపతి దగ్గరికే వస్తాయి. ఆ పొద్దు షెడ్డు కాలువలో పారే నీళ్లు చూస్తే వనపర్తి రాజులు సమాధుల్లోంచి లేచి మళ్లీ కత్తులు దూసుకున్నారేమో అనిపిస్తుంది.

అలాంటి పొద్దున ఎస్సై ఫోన్ చేశాడు.

"తిరుపతీ, తెల్లారగట్ల బిజినేపల్లి రోడ్డు మీద ఎవడో కారుతోటి మనిషిని గుద్ది పోయిండు. గోపాల్‌పేటాయన, పేరు బాబా అంట. వనపర్తి దవాఖానల ఉన్నడు, సోయి లేదు. రోడ్డునేమో వాన కడిగింది. ఆయన బైకు మీది సరుకును చూడొచ్చిన జనం ఎత్కపోయిండ్రు. ఇగ మిగిలింది ఆ కారు మీది నెత్తురొక్కటే. నువ్వు నీళ్లు కొట్టినవంటే అదీ పాయె."

"సారూ, ఇయ్యాల నెత్తురు లేని కారుంటే చెప్పుండ్రి, గదాన్ని పట్టిస్త," అన్నాడు తిరుపతి.

ఎస్సై ఫోన్ పెట్టేశాడు.

బయట ముసురు పట్టింది. గేటు మీద షోరూం వాళ్లు కట్టిన బ్యానరు తడిసి వేలాడుతోంది: పండగ బంపర్ ఆఫర్లు, వానాకాలం బండి పరీక్ష ఉచితం. దాని కింద కార్ల వరస రోడ్డు దాకా పోయింది. అన్నింటికీ చక్రాల మీద నెత్తురే.

తిరుపతి తల గోక్కున్నాడు. గోక్కున్నప్పుడల్లా తన తలలోంచి తెలివి రాలుతుందని అతనికి గట్టి నమ్మకం. ఈసారీ రాలింది. కోడిని కోసిన బండికి ఎక్కడో ఒకచోట ఈక అంటుకునే ఉంటుంది. ఈక కనబడితే కడిగి పంపడం, కనబడకపోతే ఎస్సై వచ్చేదాకా ఆపడం. యాటలు కోసినవాళ్లు కాసేపు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

వరసలో మొదటి కారు రాకేష్‌ది. ప్లాట్ల బేరాలు చేస్తుంటాడు. ఎప్పుడూ మధ్యాహ్నం దాటినా నిద్ర లేవని మనిషి ఆ రోజు గేటు తీయకముందే వచ్చి నిలబడ్డాడు.

"టైర్లు అరిగినయి పటేలా. వానకు బ్రేకుల పట్టు సుత తగ్గుతది. చూడమంటవా? ఫ్రీయే," అన్నాడు తిరుపతి.

"బ్రేకులు రేపు చూద్దువు గాని అన్నా. జర కడుగు, సాలు."

"బంపర్ పగిలిందేంది?"

"మా మామ. కొబ్బరికాయను రాయి మీద కొట్టమంటే దీని మీద కొట్టిండు."

వరసలో నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు.

తిరుపతి కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. మిగతా బండ్ల మీద నెత్తురు ఎండి నల్లబడింది. దీని మీద ఇంకా పచ్చిగానే ఉంది. వానకు నానిందనుకున్నాడు. ముందు జాలీలో ఈకలు. ఒకటీ రెండూ కాదు. నల్లవి, ఎర్రవి, తెల్లవి.

"ఎన్ని కోళ్లను కోసినవయ్యా? మైసమ్మకు అరిగించుకోను వారం పట్టదా?"

"పెద్ద మొక్కు అన్నా," అని రాకేష్ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది.

తిరుపతి పైపు అందుకున్నాడు. నీళ్లు బుస్సున కొట్టాయి. ఈకలు గిరగిరా తిరుగుతూ కాలువలోకి పోయాయి. తుడవనివ్వకుండానే, నీళ్లోడుతున్న కారును తీసుకుని రాకేష్ గేటు దాటాడు.

తర్వాతి బండ్లకూ ఈకలు దొరికాయి. కడిగి పంపించాడు. ఆ తర్వాత అబ్రహాం కారు వచ్చింది. చక్రాల నిండా నెత్తురు. ఈక మాత్రం లేదు.

తిరుపతి పైపు కింద పెట్టేశాడు.

"అబ్రహామూ, నువ్వు చర్చికి పోయేటోనివి. నీ కారుకు మైసమ్మ మొక్కేంది?"

"కారు నాదా అన్నా? నేను డ్రైవర్ని. మా సేఠు యాటను కోసిండు."

"సేఠుకు ఫోన్ కొట్టు."

"శ్రీశైలం పోయిండు. అడవిల సిగ్నల్ ఉండదు."

"గుద్దినోళ్లంత గట్లనే అంటరు," అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. యాక్సిడెంటు కబురు అప్పటికే వరసంతా పాకింది. జనం దగ్గరికి జరిగారు. ఒకతను తాళంచెవి లాక్కున్నాడు. ఇంకొకతను కాలర్ పట్టుకున్నాడు. అబ్రహాం రెండు చేతులూ జోడించాడు.

"పిల్లల మీద ఒట్టన్నా, నేను రాత్రి నుంచి ఊరు దాటలే."

తిరుపతి ఎస్సైకి ఫోన్ చేశాడు. "దొరికిండు సారూ, రాండ్రి." గొంతులో గర్వం దాగలేదు.

ఎస్సై కంటే ముందు ఒక ఆటో వచ్చింది. అందులోంచి బాబా భార్య షాహెదా దిగింది. దవాఖాన నుంచి నేరుగా వచ్చినట్టుంది, బురఖా అంచంతా బురద. "మా ఇంటాయన ఇంకా కండ్లు తెరుస్తలేడు. ఆ కారు దొరికిందన్నరు పోలీసోళ్లు," అంది, ఎవరివైపూ చూడకుండా.

జనం దారిచ్చారు. తిరుపతి ఆమెను అబ్రహాం కారు దగ్గరికి తీసుకుపోయి, తన పరీక్ష సంగతి మొదటి నుంచీ చెప్పాడు. "ఈకలున్న బండ్లన్నీ కడిగి పంపించిన చెల్లె. ఈక లేంది గిదొక్కటే. అందుకే ఆపిన."

షాహెదా చక్రాన్ని చూసింది. చక్రం కిందుగా పారుతున్న కాలువను చూసింది.

కాలువ జాలీకి అడ్డంపడి నిలిచిపోయిన నల్ల, ఎర్ర, తెల్ల ఈకల మీది నుంచి చూపు తిప్పకుండానే ఆమె అంది, "అన్నా, మా ఇంటాయన బండికి రెండు దిక్కుల నాటుకోళ్లను కట్టుకొని సంతకు పోతుండె."