జైలుకు దసరా కార్డు

బెండకాయను అడ్డంగా కోసి ఎర్రరంగులో ముంచింది అనసూర్య. నూలు కట్టలతో వచ్చిన అట్ట అంచున ఒత్తింది. పువ్వు పడింది. పక్కన ఇంకోటి. నూలుకు వేసే రంగే. కాస్త తుమ్మజిగురు కలిపితే అట్ట మీద పాకదు.

"జర జల్ది కానియ్యి వదినె, బస్సు పోతది," అన్నాడు అరుగు మీద కూర్చున్న పర్శరాములు. ఆమె మొగుడు అంబదాస్‌తో పాటు జైల్లో ఉండి మొన్ననే విడుదలైనవాడు. ఊరు ఆసిఫాబాద్ అవతల. అంబదాస్‌ను చూడటానికి ములాఖత్‌కు పోతూ, ఇంటి నుంచి కార్డు పట్టుకుపోదామని సిరిసిల్లలో దిగాడు.

సంఘంలో తిరిగాడని అంబదాస్‌ను పట్టుకుపోయిన నాటికి అనసూర్యకు అయిదో నెల. ఉత్తరం రాయిస్తే సగం అక్షరాలు జైలువాళ్లే నల్లసిరాతో కొట్టేసేవారు. వాళ్ల చేతులు పడిపోను! పువ్వులనూ ఆకులనూ మాత్రం ఏమీ అనరు. అందుకే పండుగకో కార్డు. ఉగాదికి మామిడాకు అచ్చు, దసరాకు జమ్మిరెమ్మ అచ్చు. కింద మూలన పిడికెడంత పసిపాదం.

తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఆ మొదటి పాదం చూశాకే లేచి అన్నం ముట్టాడని కబురొచ్చింది. అప్పటి నుంచి ఆమె ఏది మరిచినా పాదం మరవలేదు.

"అన్న ఒక్కటే పరేషాన్ అయితుండు," అన్నాడు పర్శరాములు. "పోయినేటి పాదం, గీ ఉగాది పాదం పక్కపక్కన వెట్టి కొలిచిండు. రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి. పిలగాడు పెరుగుతలేడా, పాలు సాలుతలేవా అని మల్ల బువ్వ ముడుతలేడు."

అనసూర్య చేతిలోని జమ్మిరెమ్మను కింద పెట్టింది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదు? తన మీద తనకే ఒళ్లు మండింది.

"పిలగాన్ని ఒక్కపారి సూపియ్యి వదినె. నా కండ్లతోటి సూసిన్నని అన్నకు జెప్త."

"పండుకున్నడు తమ్మీ. ఇప్పుడు లేవడు," అంది తల ఎత్తకుండా.

లేచి తలుపు దగ్గరగా వేసింది. దీపం మసితో చేసిన నల్లసిరాను ముందుకు లాక్కుంది. చేతులు ఆడలేదు. ఏడుపొచ్చింది. బయటికి వినపడుతుందని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంతసేపూ రాట్నం ముందు కండెలు చుడుతున్న అత్త కమలవ్వ లేచి వచ్చింది. కోడలి చిన్న చేతులను చూసింది. తన చేతులను చూసుకుంది.

"జరుగు బిడ్డా. ఈపారి నేనేస్త."

కమలవ్వ తన వెడల్పాటి పిడికిలి బిగించి, దాని పక్కను సిరాలో ముంచి అట్ట మూలన అద్ది, పైన వేలికొసతో అయిదు చుక్కలు పెట్టి, పురిట్లోనే పోయిన మనుమడికి రెండేళ్ల పాదం చేసింది.