దిండుకు నీలిపూస

"సవతి బిడ్డ గదికి ఇన్ని హంగులా? ఎవరు చూసి మెచ్చుకోవాలనో!"

అంటూ, తాంతా ఊరి నుంచి రైలు దిగిన అతియాత్ నేరుగా మనవరాలి గదిలోకి వచ్చింది. కొత్త మంచం కుదిపి చూసింది, పరుపు ఎత్తి చూసింది. చనిపోయిన కూతురి ఫొటో మాత్రం కొత్త రంగేసిన గోడ మీద పాతచోటే ఉంది.

దిష్టి తగలకుండా దిండుకు గుచ్చాలని పిన్నీసుకు కట్టి తెచ్చిన నీలిపూస ఆమె గుప్పిట్లో ఉంది. దిండు తిప్పితే, అప్పటికే అక్కడొకటి ఉంది.

"ఎవరి దిష్టికే ఇది?"

"నా దిష్టికేనమ్మా," అంది అల్లుడి రెండో భార్య నగ్లా, పరదా కుట్టడం ఆపకుండా. "సవతి తల్లివి పాడుకళ్ళని మీరే కదా పాపతో అన్నారు. భయంతో నిద్రపోవట్లేదు. అందుకే నేనే గుచ్చా."

అతియాత్ గుప్పిట విప్పింది. తన పూసను నగ్లా భుజం మీది బట్టకు గుచ్చింది.

"నువ్వూ పెట్టుకోవే. ఈ ఇంట్లో పాడుకళ్ళు నావే."