చారల చేప

చిలకమ్మ చేపల గంపతో సహా నెట్ సెంటర్లోకి రాగానే లోపలున్నవాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు.

ఆమెను పిలిచింది జువాలజీ లెక్చరర్ ఉమాశంకర్. మొన్న ఆమె దగ్గర కొన్న చారల చేప ఎవరికీ తెలియని కొత్త జాతి అనీ, దానికి తన పేరే పెడతాననీ ఆయన పంతం.

"కొత్తదేటి బాబూ? అది సొరపిల్ల. పెద్దయితే సారలు పోతాయని నాను సెప్పనేదా?"

"నీ మాట చెల్లదు చిలకమ్మా, పుస్తకం కావాలి. నూట పాతికేళ్ళ కిందట ఒక తెల్లదొర మన తీరం చేపలన్నిటి గురించీ రాశాడు. ఇప్పుడది కంప్యూటర్లో అందరికీ ఉచితం. ఈ చేప అందులో లేదని నీకే చూపిస్తా."

పేజీ నెమ్మదిగా తెరుచుకుంది. అదే చేప, అవే చారలు. ఉమాశంకర్ తెరకు దగ్గరగా జరిగి చదివాడు.

"ఏటి రాసినాడు?"

"సొరపిల్లేనట. పెరిగితే చారలు పోతాయట."

"ఆ దొరకి ఎవులు సెప్పినారేటి?"

ఆయన కింది వరుస చదివి తల గోక్కున్నాడు. "విశాఖపట్నంలో చేపలమ్మే ఒకావిడ చెప్పిందట."

"ఆయమ్మ పేరు?"

"రాయలేదు."

ఉమాశంకర్ నోటుబుక్కులో రాసుకున్న తన పేరు కొట్టేశాడు. "నీ ఇంటిపేరేంటి చిలకమ్మా?"

"నాది తర్వాత రాద్దువు గానీ బాబూ, ముందు ఆయమ్మది కనుక్కో" అంటూ చిలకమ్మ గంప ఎత్తుకుంది. "దొరనే నమ్మించిందంటే మా తాతమ్మే అయ్యుంటాది."