నాలుగు చక్రాల దేశం

"ఆగు! ఆగు! వెనక బండి ఉంది!"

లమ్‌దువన్ గొంతు చించుకున్నా నల్లకారు వినిపించుకోలేదు. వెనక్కి వెనక్కి వచ్చి, ఫుట్‌పాత్ ఎక్కి, ఆమె సోమ్‌తమ్ బండి చక్రాన్ని అప్పడంలా నలిపేసి, అప్పుడు తీరిగ్గా ఆగింది. సోమ్‌తమ్ పచ్చడికి తెచ్చిన పచ్చి బొప్పాయిలు రోడ్డంతా దొర్లాయి. వాటిని దంచే మట్టి రోలు మాత్రం ఎలాగో బతికి బయటపడింది.

కారులోంచి నల్లకళ్ళద్దాల పెద్దమనిషి దిగాడు. ఏదో రాయబార కార్యాలయంలో రెండో కార్యదర్శి. ఏ దేశమని అడక్కండి. దేశం చిన్నదే, కారే పెద్దది. దిగినవాడు చక్రం వంక చూడనైనా చూడలేదు. వంగి తన బంపర్ తడుముకున్నాడు.

"గీత పడింది," అన్నాడు.

"నా చక్రం ముక్కలైతే నీ గీత గురించి ఏడుస్తావేం బాబూ? ఎవరు బాగుచేయిస్తారు దీన్ని?"

"ఫుట్‌పాత్ మీద బండి పెట్టడం నీ తప్పు."

"మరి ఫుట్‌పాత్ మీదికి కారు ఎక్కించడం ఎవరి తప్పు?"

సందు మొదట్లో ట్రాఫిక్ చూసే హవల్దారు ప్రసోంగ్ పరుగున వచ్చాడు. రోజూ ఆమె చేతి సోమ్‌తమ్ తినే మనిషి. వస్తూనే జేబులోంచి చలానా పుస్తకం తీశాడు. అది చూసి కార్యదర్శికి నవ్వొచ్చింది. బూటు కొనతో నంబరు ప్లేటును టకటక కొట్టి చూపించాడు.

"చదవడం వచ్చా? రాయబారుల కారు. ఈ బంపర్ నుంచి ఆ బంపర్ దాకా మా దేశం. దీని మీద మీ చట్టం చెల్లదు. మీ దేశపు యూనిఫారం తొడిగినవాడెవడూ దీని మీద వేలు కూడా వెయ్యకూడదు. నమ్మకం లేకపోతే మీ పైవాళ్ళని అడుగు."

ప్రసోంగ్ వైర్‌లెస్‌లో అడిగాడు. అవతలి నుంచి చీవాట్లు వినిపించాయి. చలానా పుస్తకం జేబులోకి పోయింది, చెయ్యి సెల్యూట్‌కి లేచింది.

"కనీసం కారు పక్కకి తియ్యండి సార్."

"భోంచేసి వచ్చి తీస్తా," అని కార్యదర్శి ఎదురుగా ఉన్న ఏసీ హోటల్లోకి వెళ్ళిపోయాడు.

లమ్‌దువన్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. బ్యాంకాక్‌లో ఆ వీధిలో ఫుట్‌పాత్ మీద ఏదీ అమ్మకూడదు. మునిసిపాలిటీ ట్రక్కు కనబడగానే అందరూ బళ్ళు తోసుకుంటూ సందులోకి మాయమవుతారు, అది పోగానే మళ్ళీ వస్తారు. ఈ సంగతి ట్రక్కువాళ్ళకీ తెలుసు. కాకపోతే చిక్కిన బండిని ఎత్తుకుపోతారు, అదిక తిరిగి రాదు. ఆమెకున్నది ఈ ఒక్క బండే. పొయ్యి వెలిగేది దాని మీదే.

"నువ్వైనా వాళ్ళతో చెప్పు ప్రసోంగ్ బాబూ."

"వాళ్ళ శాఖ వేరు పెద్దమ్మా. నా మాట లెక్కచెయ్యరు."

"ట్రక్కొస్తోందీ!" వీధి చివర కేక పుట్టింది. బళ్ళన్నీ గడగడలాడుతూ సందులో దూరాయి. లమ్‌దువన్ తన బండిని తోసింది. అది ఒకపక్కకి ఒరిగిందే తప్ప జానెడు కదల్లేదు. ట్రక్కు వంక చూసింది. బండి వంక చూసింది. కారు వంక కాస్త ఎక్కువసేపే చూసింది.

నారింజరంగు చొక్కాల బైక్ టాక్సీవాళ్ళు సందు మూలన కూర్చుని ఉన్నారు.

"ఒరేయ్ అబ్బాయిలూ! తలో చెయ్యీ వెయ్యండిరా!"

ట్రక్కు ఆగింది. అధికారి దిగి, మెడ పైకెత్తి చూసి, నోరు తెరిచాడు.

"ఏయ్ పెద్దమ్మా! ఫుట్‌పాత్ మీద అమ్మకూడదని తెలీదూ?"

"నేను ఫుట్‌పాత్ మీదెక్కడున్నాను నాయనా?" దంచడం ఆపకుండానే అంది లమ్‌దువన్.

ఆ మాట నిజమే. బండి కారు నెత్తిమీద ఉంది. ఆమె బానెట్ మీద కాళ్ళు మడుచుకుని, ఒళ్ళో రోలు పెట్టుకుని కూర్చుంది. పక్కనే వాలిన సీసాలోంచి ఊరేసిన చేపల రసం, ఆ వాసనా, రెండూ నల్లరంగు మీదుగా చక్కగా కారుతున్నాయి.

"నేను విదేశంలో ఉన్నాను," అంది.

అధికారి చెయ్యి చాచాడు. ప్రసోంగ్ అడ్డం పడ్డాడు.

"ముట్టుకోకండి సార్! నంబరు చూడండి. యూనిఫారం ఉన్నవాడు దాని మీద వేలు వెయ్యకూడదట. ఇందాకే పైవాళ్ళు నన్ను దులిపేశారు."

అధికారి నంబరు చదివి, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. సందులోంచి తొంగి చూస్తున్నవాళ్ళకి ఆ ఒక్క ముక్క చాలింది. వేయించిన అరటిపళ్ళవాడు డిక్కీ మీద పళ్ళెం పరిచాడు. లాటరీ టికెట్లామె ముందు అద్దానికి తన పలక ఆనించింది. మల్లెదండలవాడు అటూ ఇటూ అద్దాలకి దండలు వేలాడేశాడు. చూస్తుండగానే ఆ చిన్న దేశంలో జనాభా పెరిగిపోయింది. ట్రక్కు ఖాళీగా వెళ్ళిపోయింది.

పళ్ళు కుట్టుకుంటూ బయటికొచ్చిన కార్యదర్శి నోట్లోంచి పుల్ల జారిపడింది.

"ఏమిటిది? దిగండి! దిగండంటుంటే!"

"మిరపకాయలు ఎన్ని వెయ్యమంటావు బాబూ?" అనడిగింది లమ్‌దువన్.

"పోలీస్! పైకప్పు సొట్టపోతోంది, గుడ్లప్పగించి చూస్తావేం? చక్రం నేనే బాగుచేయిస్తా! కొత్తదే వేయిస్తా! ముందు వీళ్ళందర్నీ కిందికి ఈడ్చెయ్!"

ప్రసోంగ్ తొందరపడలేదు. బంపర్‌కి రెండడుగుల ఇవతలే ఆగి, మడమలు టక్కున కలిపి సెల్యూట్ కొట్టాడు.

"క్షమించాలి సార్. అది మీ దేశపు అంతర్గత వ్యవహారం. మేం జోక్యం చేసుకోకూడదు."