ఆరు కిలోల తేడా

“నేను బిగించ. ఇంకో షెడ్డు చూస్కో కాకా,” అంటూ జలపతి చేతిలోని పానాను బల్ల మీద పడేశాడు.

కోరుట్లలో రోడ్డు పక్కనున్న అతని మెకానిక్ షెడ్డు ముందు, భూమయ్య ఒక నల్లటి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు. కార్బన్‌తో చేసిన డ్రైవ్‌షాఫ్ట్ అది. ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే కడ్డీ. కొడుకు మధుకర్ ముచ్చటపడి కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారును బుగ్గారం నుంచి భూమయ్యే నడుపుకొని వచ్చాడు. ట్రాక్టర్ తోలిన చెయ్యి కాబట్టి ఎట్లాగో వచ్చాడు గానీ, చెమటకు అంగీ అంతా తడిసిపోయింది.

“మధుకర్ దుబాయ్ నుంచి ఎప్పుడచ్చిండు?”

“మొన్ననే.”

“గిది గూడ మోసుకచ్చిండా?”

“వాని సామాన్ల అచ్చింది.”

జలపతికి ఒళ్లు మండింది. ఈ షాఫ్ట్ వద్దని ఏడాదిగా ఆ పిల్లాడికి ఫోన్లో చెప్పి చెప్పి అతని నోరు నొప్పి పుట్టింది. అంతా చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయింది.

“ఇను కాకా. పాత ఇనుప షాఫ్ట్ పదకొండు కిలోలు, గిది అయిదు. ఆరు కిలోలు తగ్గితే పికప్‌ల రవ్వంత తేడా అస్తది, గంతే. రేసు ట్రాకు మీద తిప్పెటోళ్లకు పనికస్తదేమో. మనకు జగిత్యాల రోడ్డే గతి. కంకర్రాయి తాకి దీనికి పర్రె వడ్డదనుకో, నూట నలభై స్పీడుల ముక్కలైతది. బండి పల్టీ కొడ్తది. నీకు కొడుకు కావాల్నా, స్పీడు కావాల్నా?”

భూమయ్య గొట్టాన్ని ముందుకు చాపాడు. “వానికి గిదే గావాలె జలపతీ. ఫాయిదా ఉన్నా లేకున్నా బిగించు. పొద్దెక్కుతాంది.”

“వానికి ఫోన్ కలుపు. నేనే మాట్లాడ్త.”

“ఎత్తడు.”

“అలిగిండా?”

“గట్లనే అనుకో.”

టీ తెప్పిస్తానంటే భూమయ్య వద్దన్నాడు. ఇంట్లో పొద్దటి నుంచి ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టలేదట. కొడుకు అలిగితే ఇల్లంతా పస్తులా? ఇంత గారాబం జలపతి ఎక్కడా చూడలేదు. ముసలాయన మీద జాలి, ఆ పిల్లాడి మీద కోపం ఒక్కసారే పుట్టుకొచ్చాయి. తాను కాదంటే ఆ మొండివాడు సిరిసిల్ల పోయి ఎవరి చేతనో బిగింపించుకుంటాడు. ఆ తర్వాత ఈ ముసలాయనే కొడుకు పాడె మోయాల్సి వస్తుంది.

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. ఒక ప్రాణం నిలబెట్టడానికి ఒక్కటాడితే పాపమేముంది?

“సరే, గా బెంచీ మీద కూసో,” అని జలపతి కారును గుంత మీదికి తెచ్చి, కొత్త షాఫ్ట్‌తో కిందికి దిగాడు. పాతదాని బోల్టులే విప్పి మళ్లీ బిగించాడు. బయటికి బాగా వినపడేటట్టు సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. కొత్తదాన్ని గోనెసంచిలో చుట్టి టైర్ల వెనక దాచాడు. మూలన పడున్న ఇంకేదో బండి షాఫ్ట్‌ను తెచ్చి భూమయ్య ముందు పెట్టాడు.

“ఇగో, మీ పాతది. కొత్తది ఎక్కింది.”

“నిజంగనేనా?”

“నీతోని అబద్ధమాడ్తనా కాకా?”

భూమయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులెత్తి మొక్కాడు. జలపతికి సిగ్గేసింది. అయినా ఒక పిల్లాణ్ని బతికించానన్న తృప్తి లోపల లేకపోలేదు.

భూమయ్య భార్యకు ఫోన్ చేశాడు. “గౌరవ్వా, షాఫ్ట్ బిగించిండు. వానికి గట్టిగ చెప్పు. పేరు వెట్టి పిలిచి చెప్పు.”

ఫోన్‌ను చెవికి ఆనించుకొని చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. రోడ్డు మీద వేములవాడ బస్సులు రెండు పోయాయి. చివరికి ఫోన్ దించి, కారుకు ఒరిగి కూలబడ్డాడు.

“ఏమైంది కాకా? ఇగనన్న ఖుషీ అయిండా?” అన్నాడు జలపతి.

“లేదు జలపతీ. వానికి అగ్గి వెట్టి ఇయ్యాల్టికి మూడొద్దులు. కోరిక తీర్చినమని చెప్పినా, కాకి ఇంకా బువ్వ ముడుతలేదట.”