ఏడో రోజు ఎర్ర దీపం

ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది.

మెకానిక్ గారు తల పట్టుకున్నారు. ఇంకో ఇరవై నిమిషాలు ఆగి ఉంటే ఏడు రోజులూ నిండేవి.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఏడు నెలలుగా భోజనాల బల్ల మీద ఒక గడియారం తయారుచేస్తున్నారు. మామూలు గడియారం కాదు. ఎక్కడో ప్రసార కేంద్రం సెకనుకోసారి పంపే రేడియో సంకేతాన్ని అందుకుని, దాని ప్రకారం తనను తాను దిద్దుకునే గడియారం. సంకేతం అందుతుంటే ఆకుపచ్చ దీపం. అందకపోతే ఎర్ర దీపం. అప్పుడు లోపలున్న క్వార్ట్జ్ స్ఫటికం తన లెక్కతో ఎలాగో నెట్టుకొస్తుంది.

ఏడు రోజులు ఏకధాటిగా ఆకుపచ్చ దీపం వెలిగితేనే డబ్బాకి మూత బిగించి గోడకి తగిలించాలని ఆయన పెట్టుకున్న నియమం. అదేం పాపమో, తీరా ఒడ్డుకి చేరేసరికి ప్రతిసారీ మునిగేది.

"మళ్ళీ పోయిందా?" వంటగదిలోంచి భార్య అడిగింది.

"పోయింది."

"అయితే నా బల్ల నాకిప్పట్లో రాదన్నమాట."

"ఇక్కడ నాకు ఒళ్ళు మండిపోతుంటే నీ బల్ల గొడవేమిటే!"

"లోపల స్ఫటికం ఉందన్నారుగా. దాంతోనే నడవనివ్వచ్చుగా?"

"రోజుకి అర సెకను తేడా వస్తుంది!"

"అర సెకనులో ఏ కొంపలు అంటుకుంటాయండీ?"

ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నారు. ఈవిడకి చెప్పేకంటే గోడకి చెప్పుకోవడం నయమనుకున్నారు.

చేయని ప్రయత్నం లేదు. యాంటెన్నా చుట్ట మూడుసార్లు విప్పి మూడుసార్లు చుట్టారు. స్ఫటికానికి వేడీ చలీ తగలకుండా థర్మోకోల్ గూడు కట్టారు. సంకేతానికి అడ్డుపడేది ఇంట్లోదేనేమోనని మొదటి నెలలోనే ఫ్రిజ్ ఆపేసి పాలు విరగ్గొట్టారు. ట్యూబులైటు పీకేసి భార్య చేత చీకట్లో కూరగాయలు తరిగించారు. ఇల్లు నిర్దోషి అని తేలింది.

ఇక ఇరుగుపొరుగు మీద పడ్డారు. చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని, గరగర ఎక్కడ పెరుగుతుందా అని మెట్లెక్కి దిగారు. లిఫ్టు బాగుచేసే అతనితో తగువు పెట్టుకున్నారు. పై వాటాలో టీచరమ్మ ఈయన్ని చూస్తే చాలు, తలుపేసుకుంటోంది.

"కింద టైలర్ కుట్టుమిషన్‌కి కొత్త మోటారు పెట్టించాడట. అది చూశారా?" భార్య గుర్తుచేసింది.

ఆయన రేడియో పట్టుకుని విసవిసా దిగారు. పావుగంటలో మొహం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చారు.

"ఏమన్నాడు?"

"మోటారు వేసి, ఆపి, మళ్ళీ వేసి చూపించాడు. రేడియోలో చిన్న గరగర కూడా లేదు. పైగా 'టైమెంతో తెలియాలంటే నన్నడగండి బాబాయ్, చెబుతా' అంటాడు!"

ఆమెకి నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. స్క్రూడ్రైవర్ బల్ల మీదికి విసిరికొట్టారు.

"దీన్ని కిటికీలోంచి పారేస్తాను!"

"పారేయండి, పీడా పోతుంది."

"పారేస్తానా? ఏడు నెలలు కళ్ళు పొడుచుకున్నది ఇందుకేనా?"

మధ్యాహ్నం భోజనం దగ్గరా అదే చిరాకు. తిట్టుకుంటూనే మారు వడ్డించుకున్నారు. తింటూ తింటూ ఉన్నట్టుండి ఆగి, ఎడం చేత్తో పేపరు అంచు మీద ఏవో అంకెలు గీకారు.

"తీగ మందం మార్చాలి! అదీ సంగతి. ఈసారి ఎలా పోతుందో చూస్తా."

చెయ్యి కడుక్కుని, చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ కొట్టుకి పరుగెత్తారు.

అంతలో కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, నాన్న ఎలా ఉన్నారు? పోయినేడు ఆ టెలిస్కోపు పూర్తయ్యాక మూడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నారు చూడూ, తలుచుకుంటే నాకిప్పటికీ గుండె దడే."

"ఇప్పుడు బాగున్నారే. లోకాన్నంతా తిడుతున్నారు. గడియారం మళ్ళీ మొదటికొచ్చింది."

ఫోన్ పెట్టేసి ఆమె వంటగదిలోకి వెళ్ళి, పిండి డబ్బా వెనక తను పెట్టిన, రేడియోని గరగరలాడించే పాత చార్జర్‌ని ప్లగ్గులోంచి పీకి, మళ్ళీ వచ్చే ఏడో రోజుకి అందేలా చీరల మధ్య దాచింది.