డెబ్బై అయిదు దాటిన మనిషి

"డెబ్బై అయిదు దాటాక పోతే నష్టం సున్నా అన్నది నువ్వే కదా! మరి నా గుండె కోయడం దేనికి?" అన్నాడు హ్యూయీ, ఆసుపత్రి మంచం మీద దర్జాగా చేతులు కట్టుకుని.

ఆయన కూతురు ఐలీకి తల పట్టుకోవాలనిపించింది. గ్లాస్గో ఆరోగ్యశాఖలో అకాల మరణాల లెక్క తేల్చేది ఆవిడే. మొన్న పేపర్లో ఆవిడ మాటలు పడ్డాయి. డెబ్బై అయిదు దగ్గర ఒక గీత. ఆలోపు పోతే, గీతకి ఎన్నేళ్ళు తక్కువైతే అన్నేళ్ళ నష్టం. గీత దాటినవాళ్ళు లెక్కలోకి రారు. ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసి రిటైరైన ఆవిడ తండ్రికి డెబ్బై ఎనిమిది. గుండె కవాటం మార్చకపోతే ఈ చలికాలం గడవదన్నారు డాక్టర్లు. ఈ పెద్దమనిషేమో పేపరు చదివి వాదనకి దిగాడు.

"అది పేటకీ పేటకీ పోల్చి చూడ్డానికి నాన్నా! మనుషుల్ని తూచడానికి కాదు."

"ఆ పేటల్లో నేను లేనా?"

"కొన్నిచోట్ల నలభైకే మగాళ్ళు రాలిపోతున్నారు. ముసలివాళ్ళని కూడా కలిపితే ఆ గుంపులో ఈ చిన్నవాళ్ళు కనపడకుండా పోతారు. అందుకే ఆ గీత."

"సబబే. కుర్రాళ్ళని చూసుకోండి. నన్నొదిలెయ్యండి."

ఐలీకి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"ఇంకో లెక్కుంది," అంది చివరికి. "దాంట్లో గీత ఉండదు. ఏ వయసులో పోయినా, ఆ వయసుదాకా వచ్చినవాళ్ళు సగటున ఇంకెన్నేళ్ళు బతుకుతారో అన్నేళ్ళ నష్టం. ఆ ప్రకారం నీకింకా పదేళ్ళున్నాయి."

"ఇది ఆ ఫ్రేజర్ లెక్క కదూ? ఆఫీసులో నీతో రోజూ తగువు పడేవాడు? వాణ్ణి మొద్దు అన్నావు!"

"అన్నాను. ఇవాళ వాడిదే రైటు."

"చూశావా, మా అమ్మాయి పార్టీ మార్చేసింది!" అని పక్క మంచం మీది ముసలాయనకి చాటాడు హ్యూయీ. ఆయన పకపకా నవ్వాడు.

"మీరు నవ్వకండి!" అని ఆయన్ని కసిరి, ఐలీ తండ్రి వైపు తిరిగింది. "ఏ లెక్కా వద్దు నాన్నా. గీతా వద్దు, సగటూ వద్దు. ఆదివారం నేనొచ్చేసరికి పొయ్యిమీద నీ పప్పు సూప్ ఉడుకుతుండాలి. ఉప్పెక్కువైందని నేను తిట్టాలి. నీకు తొంభై వచ్చినా, నూరొచ్చినా, నువ్వు పోతే నాకది అకాలమే. నాకు నువ్వు కావాలి."

అలాంటి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అని ఎరగరు. హ్యూయీ కూతురి చేతిని తన మొరటు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఆ చివరి మాట ఇంకోసారి చెప్పు తల్లీ."

"నాకు నువ్వు కావాలి నాన్నా. ఒప్పుకో."

ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఉండగానే టీ బండి తోసుకుంటూ నర్సు వచ్చింది.

"ఇదే మీకు ఆఖరి కప్పు పెద్దాయనా! రేపు పొద్దున ఆపరేషను మీదే మొదటిది. నిన్న డాక్టరు నోట మాట పూర్తికాకుండానే మీరు సరేనన్నారు, అదీ ధైర్యమంటే!"